చెవులున్న చేప కోసం దోహాలో ఒక శుక్రవారం

నేను పుట్టింది నర్సాపురం దగ్గర. మా నాన్న చేపల వేలంలో పాట పాడేవారు. పండుగప్పను గానీ వంజరాన్ని గానీ మొప్పలెత్తి చూసి ఏ పూట పట్టిందో చెప్పగలను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ ప్రయాణం ఎందుకు చేయాల్సి వచ్చిందో తెలియాలంటే నా పొగరు ఎక్కడిదో ముందు మీకు తెలియాలి. దోహా వచ్చి పదకొండేళ్లయింది. ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఇంజినీర్లు పంపే డ్రాయింగుల్లో నంబరు, తేదీ, సంతకం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తేడా కనిపిస్తే ‘సవరించి మళ్లీ పంపండి’ అని ఎర్ర ముద్ర కొట్టి వెనక్కి పంపడం నా పని. తేడా ఎందుకు వచ్చిందో అడగడం నా పని కాదు. అంత తీరికా ఉండదు.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక పాత విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిస్తారు. అందులో మేడమీది గదిలో నేను, సుగుణ తొమ్మిదేళ్లు కలిసి ఉన్నాం. సుగుణది అవనిగడ్డ. నాకంటే ఆరేళ్లు చిన్నది, ఒక నర్సరీ స్కూల్లో అసిస్టెంట్ టీచరు. ఇక్కడ వారం సెలవు శుక్రవారమే, ఆ రోజు చర్చిలో పిల్లల క్లాసు కూడా తనే చూసేది. కిందటి ఏడాది వేసవి సెలవులకు ముందు పిల్లలతో ఒక నాటిక వేయించింది. దేవుడి మాట వినకుండా ఓడెక్కి పారిపోయిన ప్రవక్తను సముద్రంలో పడేస్తే పెద్ద చేప మింగడం, మూడు రోజుల తర్వాత ఒడ్డున దించడం, అదే కథ. వెనకాల తెరగా కట్టడానికి పెద్ద దుప్పటి మీద చేప బొమ్మ వేసింది. డ్యూటీ నుంచి వచ్చాక మా గది నేలమీద దుప్పటి పరుచుకుని పదకొండు సాయంత్రాలు కష్టపడింది. నేను మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండేదాన్ని.

నాటిక రోజు తెర కట్టాక నేను మొదటిసారి బొమ్మను నిలువుగా చూశాను. చేపకు రెండు చెవులున్నాయి, నిక్కబొడుచుకుని. ‘చేపకు చెవులేంటి సుగుణా, ఇదేమన్నా కుక్కపిల్లా?’ అన్నాను అందరి ముందు. హాలంతా నవ్వింది. ‘ఉండాలక్కా’ అంది నెమ్మదిగా. ‘మా ఊళ్లో ఏ చేపకూ లేవమ్మా’ అన్నాను. మళ్లీ నవ్వులు. అంతటితో ఆగినా బాగుండేది. ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? నీలం రంగు డబ్బా తీసుకుని కుర్చీ ఎక్కి, నా చేత్తో నేనే ఆ చెవుల మీద పూసేశాను. నేను పడకుండా కుర్చీ పట్టుకుంది సుగుణే.

తను పోట్లాడలేదు. టీ పెడితే ఎప్పటిలాగే నాకూ ఒక కప్పు పెట్టేది. కానీ బ్రష్షులు కడిగి సంచిలో వేసేసింది. మళ్లీ బయటకు తీయలేదు. ఈ మార్చిలో స్కూలువాళ్లు కాంట్రాక్టు పొడిగించలేదు, వీసా రద్దయి ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అప్పటినుంచి నేను ఎంత పెద్ద మెసేజ్ పెట్టినా జవాబుగా దండం బొమ్మ ఒక్కటి వస్తుంది. గదిలో రెండో మంచానికి ఇంకా ఎవరూ రాలేదు. ఎవరూ రాకూడదని నాకే అనిపిస్తుంది, రాకపోతే మాత్రం గోడలతో మాట్లాడుకోవాల్సి వస్తోంది.

రెండు వారాల కిందట అల్ దోహా అల్ జదీదా మెట్రో స్టేషన్‌లో ఒక పోస్టర్ చూశాను. రోమన్ల కాలం నుంచి ఆ తర్వాతి శతాబ్దాల దాకా కళలో జంతువులు, సముద్రం ఒడ్డు రోడ్డు కార్నిష్ వైపు మ్యూజియంలో ప్రదర్శన అని ఉంది. పోస్టర్ మీద అయిదారు బొమ్మలున్నాయి. నెమలి, చిరుతపులి, బాతు. అడుగున, మూలకు, రాతిలో చెక్కిన ఒక జంతువు. ఒళ్లు చేపది, తోక మెలిక తిరిగి ఉంది, నోట్లో మనిషి. తల మీద రెండు చెవులు. నా రైలు వచ్చి వెళ్లిపోయింది. అక్కడే ఫోన్ తీసి పోస్టర్‌ను ఫొటో తీద్దామనుకుని మానేశాను. పోస్టర్ పంపితే సరిపోదనిపించింది. నేనే వెళ్లి, కళ్లతో చూసి, నా తప్పని చెప్పాలి. ఆ తర్వాత దండం బొమ్మ వస్తుందో, మనిషి వస్తుందో చూడాలి.

అలా నవంబర్‌లో ఒక శుక్రవారం బయలుదేరాను. ఎండ తగ్గి, కార్నిష్ మీద మధ్యాహ్నం కూడా నడవగలిగే రోజులివి, ఇలాంటి ప్రయాణానికి ఇవే మంచివి. పొద్దున ఏడున్నరకు చర్చిలో ఆరాధన. చర్చిలన్నీ ఒకేచోట ఉండే కాంప్లెక్స్ మెసైమీర్ దగ్గర, అల్ తుమామాకు ఇవతల ఉంది. తొమ్మిదిన్నరకు బయటకు వస్తే టాక్సీ దొరికింది. డ్రైవర్ నా చేతిలో తెలుగు బైబిలు చూసి తెలుగులో పలకరించాడు. పేరు జహీర్, బోధన్ మనిషి.

“ఎటు పోవాలె అక్కా?”

ముందు ఇంటికి, మధ్యాహ్నం మ్యూజియంకి అన్నాను.

“మ్యూజియంల ఏముంటదక్కా, అన్నీ పాత సామాన్లే గద. నేను పదేండ్ల సంది దాని ముందటికెల్లి తిరుగుతున్న, ఒక్కపారి గూడ లోపటికి పోలే. మా అమ్మ ఫోన్ జేసి దుబాయ్‌ల ఏం జూసినవ్ రా అంటది. ఖతర్ అని చెప్పి చెప్పి విడిచిపెట్టిన.”

ఎందుకు వెళ్తున్నానో అతనికి చెప్పేశాను. మనసులోది ఎవరికైనా చెప్పి చాలా రోజులైంది, అదీ కారణం. చేప కథ మొదలుపెట్టగానే అద్దంలోంచి నావైపు చూశాడు.

“గా కథ మాకు గూడ ఉన్నదక్కా. చేప కడుపుల ఉండి ఆయన జేసిన దువా ఉంటది, కష్టమొస్తే మేం గదే చదువుతం. నేనొచ్చిన కొత్తల లేబర్ క్యాంపుల ఆర్నెల్లు గదే చదివిన.”

“మరి చేప వదిలిపెట్టిందా?”

“విడిచింది. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది.” ఇద్దరం నవ్వాం. చేపకు చెవులుంటాయా అని అడిగాను. “నేనేడ జూసిన అక్కా,” అన్నాడు, “నేను దిన్నయి అన్నీ తల తీసేసినయే.” పద్దెనిమిది రియాళ్లయింది. ఇరవై ఇచ్చి దిగాను. దిగాక గానీ తెలియలేదు, ఆ వారంలో ఆఫీసు పని కాకుండా నేను మాట్లాడిన మొదటి మనిషి అతనేనని.

మ్యూజియం శుక్రవారాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గానీ తెరవరు కాబట్టి భోజనం ముగించుకుని వెళ్లడం మంచిది. మా వీధి చివర మెస్ నడిపే సత్తిబాబు గారిది మండపేట. చేపల పులుసుతో భోజనం పన్నెండు రియాళ్లు. చేప హమ్మూర్, ఇక్కడి సముద్రంలో దొరికే బండచేప. ఆయన చింతపండు పులుపుకి అది కూడా గోదావరి జిల్లా చేపైపోయింది.

“భోజనం ఒకటాండి, రెండాండి?” అన్నారు గరిటె పట్టుకుని. ఎనిమిది నెలలుగా అదే ప్రశ్న.

“ఒకటేనండి.”

“అలవాటైపోయిందండి, ఏమనుకోకండి. సుగుణమ్మగారు కులాసాగా ఉన్నారాండి?”

బాగానే ఉందని చెప్పాను. నాకు నిజంగా తెలియదు. ముల్లు తీసుకుంటూ తలవంచుకుని తినేశాను.

మెట్రోలో ఒక ప్రయాణానికి రెండు రియాళ్లు, రోజంతా తిరగాలంటే ఆరు రియాళ్ల పాసు. అల్ దోహా అల్ జదీదాలో రెడ్ లైన్ ఎక్కి, ముషైరిబ్‌లో దిగి గోల్డ్ లైన్‌కి మారి, ఒక స్టేషన్ తర్వాత సూక్ వాఖిఫ్‌లో దిగాలి. అక్కడినుంచి సముద్రం వైపు పావుగంట నడక. కుటుంబాలన్నీ పిల్లల బండ్లు తోసుకుంటూ అటే వెళ్తున్నాయి, నేను వాళ్ల వెనకాల ఎవరి మనిషినో అన్నట్టు నడిచాను. ఇక్కడి రెసిడెంట్ ఐడీ చూపిస్తే టికెట్ అక్కర్లేదు. సంచి మాత్రం లాకర్‌లో పెట్టించారు. అందులోనే నా పెన్ను, నీళ్ల సీసా కూడా ఉండిపోయాయి.

ప్రదర్శన నాలుగు గదులు. మొదటి గదిలో చిన్న వస్తువులు. అరచేతిలో పట్టే మట్టి దీపం మీద పరుగెత్తే కుందేలు. వత్తి కొరుకుతున్నట్టు ముందుకాళ్లు ఎత్తిన కంచు ఎలుక. ఈజిప్టు నుంచి వచ్చిన నేత గుడ్డ ముక్కలో బాతులు, రంగు ఇంకా పోలేదు. ఎవరో రోజూ వాడుకున్న సామాన్లవి. వాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఎలుక వాళ్లకు తోడుండి ఉంటుందనిపించింది. రెండో గదిలో నేలమీద పరిచే మొజాయిక్‌లు, అంటే గోరంత రాతి ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు. మెడపట్టీ వేసుకున్న వేటకుక్క పేరుతో సహా ఉంది. జాడీకి అటూ ఇటూ రెండు నెమళ్లు. ఒక ఏనుగు ఒళ్లంతా వల కప్పినట్టు గీతలు. చేసినవాడు ఏనుగును ఎప్పుడూ చూడలేదేమో, ఎవరో చర్మం ముడతలు పడి ఉంటుందని చెబితే ఇలా అర్థం చేసుకున్నాడేమో. నేనైతే ముద్ర కొట్టి వెనక్కి పంపేదాన్ని.

మూడో గదిలో చేపలు. గోడంత పెద్ద మొజాయిక్. నల్లని సముద్రంలో ఇరవైకి పైగా చేపలు, ఒక్కటీ ఊహించి చేసింది కాదు. పాములా సాగిన మచ్చల మలుగు ఉంది. మా ఊరి గులివింద చేపల్లాంటి ఎర్రచేపలు ఉన్నాయి, గడ్డం కింద మీసాలతో సహా. ఆక్టోపస్ పెద్ద మీసాల రొయ్యను చుట్టేసి పట్టుకుంది. మొప్పల వంపు, వీపు రెక్క ముళ్లు, కంటి చుట్టూ పసుపు వలయం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా నాన్న చూసి ఉంటే ఒక్కొక్కదానికీ పాట మొదలుపెట్టేసేవారు. చాలాసేపు నిలబడ్డాను. సంతోషంగా ఉంది, పక్కకు తిరిగి చూడు చూడు అనడానికి ఎవరూ లేరు. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయనకు మలుగును చూపించబోయి ఆగిపోయాను. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

నాలుగో గది చిన్నది. దీపాలు తక్కువ. మధ్యలో ఒకే ఒక పాలరాతి పలక, శవపేటిక ముందుభాగమట, రోమన్ల పాలన చివరి కాలానిది. ఎడమవైపు ఓడ, తాళ్లు లాగుతున్న నావికులు. కుడివైపు అది. కుక్క మూతి, మెలితిరిగిన ఒళ్లు, మూడు ముక్కలుగా చీలిన తోక. నోట్లోంచి నడుము దాకా బయటకు వచ్చిన మనిషి, రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాడు. ఆ జంతువు తల మీద చెవులు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. సుగుణ వేసిన చెవులు కూడా అచ్చం అలాగే, కొంచెం ముందుకు వంగి ఉండేవి. పక్క గదిలో మొప్పలతో సహా సరిగ్గా చేసినవాళ్ల కాలపువాళ్లే ఇదీ చేశారు. చేపలు తెలియక పెట్టిన చెవులు కావవి. నాకు సిగ్గేసింది. కుర్చీ ఎక్కినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే ఇంకా సిగ్గేసింది.

ఫోన్ తీశాను. అక్కడి సెక్యూరిటీ అమ్మాయి దగ్గరకొచ్చి “దీదీ, ఫొటో నహీ” అంది. మిగతా గదుల్లో తీసుకోవచ్చు, ఈ ఒక్క రాయి వేరే దేశం నుంచి అరువు వచ్చింది కాబట్టి కుదరదట. ఒక్కటే తీసుకుంటానని బతిమాలాను. ‘మాఫీ’, అంటే అరబ్బీలో లేదు, అన్నట్టు చెయ్యి ఆడించింది, కఠినంగా కాదు. నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి ఆమెకు ఏదో అర్థమైనట్టుంది. పేరు సంగీత, నేపాల్. రోజుకు ఎనిమిది గంటలు ఈ రాయి ఎదురుగానే నిలబడతానని హిందీలో చెప్పింది. “అందరూ దీన్ని చూడగానే నవ్వుతారు, మీరు నవ్వలేదు” అంది. నేను నవ్వాల్సింది కిందటి ఏడాదే నవ్వేశానని ఏం చెప్పను?

ఫొటో కుదరదు గానీ గీసుకోవచ్చంది. పెన్ను లోపలికి పనికిరాదు, పెన్సిల్ అయితే పరవాలేదు. పిల్లల కోసం బయట బల్ల మీద పెట్టిన పెన్సిల్, కాగితాలు తెచ్చుకోమంది. స్కూలు వదిలాక నేను ఎప్పుడూ బొమ్మ గీయలేదు. నేను ఇంకొకరు గీసినవాటికి ముద్రలు కొట్టేదాన్ని. బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను. ఓడ మానేశాను. మూతి పంది మూతిలా వచ్చింది, తుడిచాను. ఒంటి మెలిక ఎటునుంచి ఎటు తిరుగుతుందో చూస్తే తెలుస్తుంది, చెయ్యి మాత్రం చెప్పినట్టు వినదు. నోట్లో మనిషికి తల పట్టలేదు. రెండు కాగితాలు పాడయ్యాయి. మూడోదాని మీద చెవులు ముందు గీసి, తర్వాత మిగతా ఒళ్లు చేర్చాను. గంటా పదినిమిషాలు పట్టింది. పదకొండు సాయంత్రాలు నేలమీద వంగి కూర్చున్న మనిషి నడుము ఎంత నొప్పి పుట్టి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒక్కసారి కూడా దిండు తెచ్చి ఇవ్వలేదు నేను.

నాలుగు దాటాక బయటకు వచ్చాను. సూర్యాస్తమయం ఈ రోజుల్లో అయిదు లోపే అయిపోతుంది. మ్యూజియం వెనక పార్కులో గట్టు మీద కూర్చుంటే ఎదురుగా చెక్క పడవలు, వాటి వెనక ఎత్తయిన భవనాలు కనిపిస్తాయి. ఏలకులు వేసి చిక్కగా మరిగించిన కరక్ టీ అయిదు రియాళ్లు. కాగితాన్ని మోకాలి మీద పెట్టి ఫొటో తీసి సుగుణకు పంపాను. కింద ఇలా రాశాను: ‘మ్యూజియంలో చూశాను. చేపకు చెవులున్నాయి. ఆ రోజు తప్పు నాదే. నన్ను క్షమించు.’ అవనిగడ్డలో అప్పటికి ఏడు కావస్తుంది, వంట పనిలో ఉండే వేళ. చూసినట్టు నీలం గుర్తులు వెంటనే వచ్చాయి. జవాబు రాలేదు. టీ చల్లారింది. ఒక పడవ దీపాలు వెలిగించుకుని తిరిగి వచ్చింది. దండం బొమ్మ వచ్చినా బాగుండునని మనసులో అనుకున్నాను, అంతకు దిగిపోయాను.

నలభై నిమిషాల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కుక్కర్ కూత వినిపిస్తోంది.

“అక్కా, బొమ్మ చూశాను. నవ్వొచ్చింది, ఏమనుకోకు. తోక బానే కుదిరింది. అంత పాతకాలం వాళ్లు కూడా చెవులు పెట్టారని నాకు తెలీదక్కా. నేనెక్కడ చూశానూ. క్లాసులో ఒక పాప అడిగింది, ఆయన్ని ఒడ్డున దించమని దేవుడు చేపకి చెప్పాడు కదా టీచర్, దానికెలా వినబడిందీ అని. బొమ్మలో చూపిస్తానులే అన్నాను. ఆ పిల్ల కోసం పెట్టాను చెవులు. నువ్వు రంగేసేటప్పుడు ఆ పిల్ల ముందు వరసలోనే ఉందక్కా, నా వైపే చూస్తా ఉంది. అదొక్కటే నా బాధ. నీ మీద కాదు.”

మూడుసార్లు విన్నాను. సాక్ష్యం దొరికితే గొడవ తీరిపోతుందనుకుని ఇంత దూరం వచ్చాను. సుగుణకు ఆ రాయితో పనే లేదు. రోమన్లు చెవులు పెట్టకపోయినా తన బొమ్మ సరైనదే. ఆ రోజు చేపల గురించి నాకు తెలిసిందంతా చెప్పాను గానీ, ‘ఎందుకు పెట్టావు’ అని ఒక్క మాట అడగలేదు. ఒకే గదిలో తొమ్మిదేళ్లు ఉండి, ఒంటరితనం ఈ మార్చిలో మొదలైందనుకుంటున్నాను. ఆమెకు అది కిందటి ఏడాదే, నేను పక్క మంచం మీద ఉండగానే మొదలైంది. మీరూ ఆ ప్రదర్శన చూడాలనుకుంటే మూడు గంటలు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఒకే ఒక్క సూచన: సంచి లాకర్‌లో పెట్టే ముందు ఒక పెన్సిల్, నాలుగు కాగితాలు చేతిలోకి తీసుకోండి. గీసి చూస్తే గానీ గీసినవాళ్లు పడ్డ శ్రమ తెలియదు.

స్టేషన్‌కి నడుస్తూ సుగుణకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. ఇప్పుడేమైనా బొమ్మలు వేస్తున్నావా అని అడిగాను. లేదక్కా అంది. అదివరకైతే ‘వెయ్యాలి గదమ్మా, చెయ్యి పాడైపోతుంది’ అని నాకు తెలిసిందంతా చెప్పేసేదాన్ని. ఎందుకని అడిగాను. అటువైపు పొయ్యి కట్టేసి కుర్చీ లాక్కున్న చప్పుడైంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రైళ్లు వచ్చి వెళ్తున్నాయి, నేను ప్లాట్‌ఫాంలో బెంచీ మీద కూర్చుని వింటూ ఉండిపోయాను.